ఆధారం చూపించండి

"ఆఫ్రికా ఖండంలో ఉన్న ప్రతి టీచరమ్మకీ ఒక పేజీ పెడితే ఇది విజ్ఞానసర్వస్వం అవదు, హాజరుపట్టీ అవుతుంది."

తెర మీద కత్తెర రాసిన మాట అది. అసలు పేరు ఎవరికీ తెలియదు. ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వంలో పేజీలు తీసేయడమే అతని పని కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు.

ఘనత ఉండీ మరుగున పడ్డ తమ ఆఫ్రికా మహిళల గురించి ఆమె ఇప్పటికి చాలా పేజీలు రాసింది. వాటి జోలికి అతను రాలేదు. ఈ ఒక్క టీచరమ్మ పేజీ మీదే పగబట్టాడు. ఇవాళ మధ్యాహ్నంలోగా ఆధారం చూపించకపోతే పేజీ గల్లంతే.

"చూపులేని పిల్లలు వేళ్ళతో తడిమి చదువుకునే పటాలు చేసిందావిడ. దారంతో నదులు, ఇసుకతో ఎడారులు. దేశంలో సగం బళ్ళలో ఇప్పటికీ అవే," అని టైపు చేసింది.

"మీరు చెబితే అయిపోయిందా? పటాల మీద విద్యాశాఖ డైరెక్టరు పేరుంది. ఈవిడ గురించి ఏ పేపర్లోనైనా పడిందా?"

ఆమె పేపరాఫీసు మెట్లెక్కని నెల లేదు. "ఇందులో వార్తేముందండీ?" అంటూ సబ్ఎడిటరు టీ తాగుతూనే సాగనంపేవాడు.

తలుపు ధడాలున తెరుచుకుంది. వదిన.

"ఇంటినిండా జనం. కుర్చీలు చాలక నేను పక్కింటికీ మనింటికీ తిరుగుతుంటే, మహారాణిగారు ఇక్కడ టకటకలాడిస్తున్నారా?"

"ఒక్క పది నిమిషాలు వదినా."

"వచ్చినవాళ్ళంతా అమ్మాయేదీ, అమ్మాయేదీ అంటున్నారు. ఏం చెప్పమంటావు, కంప్యూటరుతో కాపురం చేస్తోందనా? మీ అన్నయ్య బండి కూడా మాట్లాడేశారు."

ఆమె తలెత్తలేదు. ఇవాళ్టి పేపర్లో ఆ టీచరమ్మ గురించి అరపేజీ వచ్చింది. ఫోటో, పటాలు, డైరెక్టరు పేరు చాటున ఆవిడ పేరు నలిగిపోయిన వైనం, అన్నీ. రాసింది ఆ సబ్ఎడిటరే. ఆ లింకు తెచ్చి చర్చలో అతికించింది.

వదిన గుమ్మంలోనే నిలబడి గొణుగుతోంది.

చివరికి కత్తెర కదిలాడు. "చెల్లుతుంది. పేజీ ఉంచుతున్నాం. ఇన్నాళ్ళూ మాతో తగువులాడటం దేనికి? మొదటే ఇలాంటిదొకటి చూపిస్తే పోయేదిగా!"

నిన్న పొద్దుటిదాకా అమ్మ బతికే ఉంది.