జాబర్ చెవి

“మిషన్లో ఏ తప్పూ లేదణ్ణా. మూడోసారి చెప్తాండా,” అన్నాడు రేడియో మెకానిక్ పళనివేల్, టేపురికార్డరు మూత బిగిస్తూ.

“తప్పు లేకుంటే నా బిడ్డ పాట యాడికి పోయె?” కుళందైసామి కేక ఇంట్లోంచి వీధి దాకా వినిపించింది.

సింగానల్లూరు మిల్లు కూలీల ఇళ్ల లైన్లలో, మగ్గాలు సరిచేసే జాబర్ కుళందైసామి చెవికి ఉన్నంత పేరు మేనేజరు కారుకు కూడా లేదు. రెండు వందల మగ్గాలు ఒక్కసారిగా మోగుతున్నా, గతి తప్పింది ఏదో నిలబడ్డ చోటి నుంచే వేలెత్తి చూపిస్తాడు. మగ్గం మోత మారిందంటే పోగు మోసే నాడె ఎగిరి ఎవరి కంటికో తగలబోతోందని అర్థం. పదకొండేళ్లుగా ఆయన షిఫ్టులో ఒక్కరికీ గాయం కాలేదు. వచ్చే నెల మేస్త్రీ పదవి ఆయనదేనని అందరూ అనుకుంటున్నారు.

పాట ఆయన కూతురు కర్పగానిది. మిల్లు వార్షికోత్సవంలో పాడితే ఒక ఆఫీసరు టేపు చేసి ఆ టేపు చుట్టిన స్పూలు ఇచ్చాడు. మరుసటి ఏడే, పదహారేళ్లకే, జ్వరంతో పోయింది. పెళ్లికాకుండా పోయిన పిల్ల కాబట్టి ఆ ఇంటికి కన్నిదేవత అయింది. ఆమె పావడ, గాజులు, ఆ స్పూలు కన్ని పెట్టెలో ఉంటాయి. పెట్టెలోది బయటివాళ్లు ముట్టరు, చూడరు, వినరు. శుక్రవారం దీపం పెట్టాక భార్యాభర్తలిద్దరే కూర్చుని పాట వింటారు. ఆ స్పూలు చెడగొట్టిన చేతి కూడు జన్మలో తిననని కుళందైసామి చుట్టాల పిల్లల్ని బెదిరించేవాడు.

ఆషాఢం, ఆడి నెల నుంచి పాట లేదు. బుస్సుమనే మోత ఒక్కటే.

పళనివేల్ తన సొంత టేపు ఎక్కించాడు. తవిల్ డోలు గది గోడలకు తగిలి మోగింది.

“ఇది వినిపిస్తాందా?”

“వాయించేవాడు ఊపిరి తీసేది గూడా వినిపిస్తాంది.”

“మరి పాప పాట?”

“వినిపించలే.”

పళనివేల్ గుమ్మం లోపల కన్ని పెట్టె పట్టుకుని నిలబడిన కుళందైసామి భార్య తిలకవతి వైపు తిరిగాడు. “మీకక్కా?”

“నాకు వినిపిస్తాంది తంబి. మొదట ఎట్లుండెనో అట్లనే.”

“చూస్తివా?” అన్నాడు కుళందైసామి. “పోయిన శుక్రవారం గూడా కండ్లు మూసుకోని, నీళ్లు కారుస్తా, పాట వెంటే పెదాలు ఆడించింది. నేను బొమ్మ మాదిరి కూర్చోనుంటి.”

“ఒక్కసారి ఆ స్పూలు నాకిస్తే...”

తిలకవతి వెనక్కి జరిగింది. “కన్ని పెట్టెలోది బయటోళ్లకిస్తారా?”

“తప్పే అక్కా,” అంటూ పళనివేల్ చెంపలు వేసుకున్నాడు.

ధ్వని గురించి ఇంగ్లీషు పుస్తకం ఒకటి కొని సగం చదివిన మనిషి పళనివేల్. ఆ సగమే ఇప్పుడు అక్కరకొచ్చింది.

“అణ్ణా, కోపగించుకోవద్దు. మగ్గాల షెడ్డులో ముప్పై ఏండ్లు నిల్చున్న చెవికి మొదట పోయేది సన్న సత్తమే. తవిల్ లావు సత్తం, అది నిలుస్తాది. ఆడపిల్ల గొంతు సన్నం. మిషన్ బాగుండాది. అక్కకు వినిపిస్తాంది. మిగిలింది...”

“నా చెవా?” కుళందైసామి నవ్వబోయాడు. “ఇప్పుడు నీ మాట వింటాండా గదా?”

“నా నోటిని చూస్తాండరు. షెడ్డువాళ్లు సగం కండ్లతోనే వింటారు.”

“ముందు శుక్రవారం బాగుండె. మరుసటి శుక్రవారం లేదు. ఒక్క వారంలో పోతాదా?”

“పోయేది కొంచెం కొంచెంగానే అణ్ణా. తెలిసేదే ఒకనాడు.”

కుళందైసామి లేచి చొక్కా తొడుక్కున్నాడు.

“యాడికి?” అంది తిలకవతి.

“మేనేజరు దగ్గరికి. చెవి లేనోడు జాబరెట్లా అవుతాడు? నా షిఫ్టులో కర్పగం ఈడు పిల్లలు నలబై మంది ఉండారు. మోత మారేది వినక నేను నిల్చోనుంటే, నాడె ఎగిరి ఒకదాని కన్ను పోతే?”

“పెద్దపదవి ఇస్తామంటాండరు గదా. ఇంకొన్నాళ్లు చూసి...”

“తిలకా.” ఆయన దగ్గరికొచ్చి నిలబడ్డాడు. “నిజం చెప్పు. నీకు వినిపిస్తాందా?”

ఆమె చేతిలోని పెట్టెను చూసింది. మొగుడి ముఖాన్ని చూసింది.

“వినిపిస్తాంది.”

“సరి. నీకైనా వినిపిస్తాంది. అంత చాలు.”

ఆయన సైకిలు మలుపు తిరిగేదాకా ఆమె గడప మీదే నిలబడిపోయింది.

మరునాటికి లైన్లన్నీ గుప్పుమన్నాయి. జాబర్ పని వదులుకుంటున్నానని కుళందైసామి సంతకం పెట్టి ఇచ్చాడు. మేనేజరు మెచ్చుకుని చేయి కలిపాడట, ఆ కాగితాన్ని మాత్రం వెనక్కి ఇవ్వకుండా సొరుగులో పెట్టి తాళం వేశాడు. మేస్త్రీ పదవి మరొకరికి పోయింది. నిజాయితీ గల మనిషని అందరూ పొగిడారు, చెవిటి జాబరని పేరు కూడా పెట్టారు. ఆయన ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుని, ఎవరు పిలిచినా వినపడనట్టే ఉండిపోయాడు.

ఆ మధ్యాహ్నం తిలకవతి పళనివేల్ కొట్టుకు వచ్చింది. చంకలో కన్ని పెట్టె ఉంది. గడప దాటనివ్వని పెట్టెను బజారుకు తేవడం చూసి పళనివేల్ చెప్పులు విడిచి లేచి నిలబడ్డాడు.

ఆమె పెట్టె తెరిచి స్పూలు తీసి, సోల్డరు మరకల బల్ల మీద పెట్టింది.

“ఏమక్కా ఇది?”

ఆమె స్పూలును అతని వైపు నెట్టింది.

“అణ్ణకు వినిపించేటట్టు సత్తం పెంచి ఇయ్యాలనా? సన్న సత్తం మాత్రం పెంచేకి వొక ఉపాయం ఉండాది. బెంగళూరు నుంచి సామాను తెప్పించి చేస్తా. కానీ ఆ చెవులకు ఇంక ఎంత చేసినా...”

తిలకవతి తల అడ్డంగా ఊపింది.

“ఆయన చెవులు బాగుండాయి తంబి, తెలీక టేపు చేసే ఎర్ర మీట నొక్కి పాట చెరిపింది నేనే.”