రానన్న మాట

భర్త పోయిన రోజు లాండ్రీ ఆవిడ ఆయన కాళ్ల మీద పడి, "నన్నూ తీసుకుపో" అని ఏడ్చింది. నలుగురూ పట్టుకుని ఆపకపోతే అన్నంత పనీ చేసేది.

తర్వాత తనకే తెలియకుండా బతుకు మీద ఆశ పుట్టింది. ఆయనున్నన్నాళ్లూ పనిలోంచి తలెత్తని మనిషి, ఇప్పుడు వాన పడితే గుమ్మంలో నిలబడి చూస్తోంది. ముద్ద నమిలి, రుచి తెలిసి తింటోంది. ఈ బుద్ధేదో ఆయనుండగా రాకూడదా అని తనను తానే తిట్టుకునేది.

ఒక రాత్రి లాండ్రీ షట్టర్ దించి, లోపల మిగిలిన చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. బయట ఎవరో దగ్గారు. సగం గొంతులోనే మింగేసే ఆ దగ్గును ముప్పయ్యేళ్లు పక్కన పడుకుని విన్నది.

ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. వీధిలో కుక్క కూడా మొరగడం లేదు.

"ఎవరది?"

"నేనేనే. తీసుకుపొమ్మన్నావుగా. పద."

గొంతులో కోపం లేదు. ఎప్పటి అలసటే. ఒక్కసారి ఆ ముఖం చూడాలని ఆమె ప్రాణం కొట్టుకుంది. ఆ కొట్టుకునే ప్రాణమే వద్దంది.

"నేను రానండీ." ఆయనకు కాదని చెప్పడం అదే మొదటిసారి. నోరంతా చేదయింది. "ఇంకొన్నాళ్లుంటాను. ఇప్పుడిప్పుడే..."

ఇప్పుడిప్పుడే బాగుందని ఆయనతో ఎలా చెప్పడం?

అవతల ఆ దగ్గు మళ్లీ సగంలో ఆగింది.

"నీకు బాగుందన్నమాట," అన్నాడాయన.

ఆమె షట్టర్‌కి చెవి ఆనించింది. వెళ్లిపోతున్న అడుగులు వినిపించలేదు. మెట్టు మీద ఎవరో నిదానంగా కూర్చుంటున్న చప్పుడు వినిపించింది.