నవ్వని కెప్టెన్

“పెట్టను. సంతకం పెట్టనంటే పెట్టను,” అంది ఆమె.

పబ్లిషరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. పొద్దుటి నుంచి అదే మాట వింటున్నాడు. ‘ధూళినౌక’ నవలలు పదకొండూ కలిపి ఒకే సంపుటంగా వేయబోతున్నాడాయన. చివర్లో, వాటి మీద వేరెవరో అల్లిన పిట్టకథలు కూడా చేర్చి, ఇవీ అసలు కథలో భాగమేనని ముందుమాటలో రాయించాలని ఆయన ఆశ. నవలలు రాసిన మనిషి పోయి రెండేళ్ళు దాటింది. హక్కులన్నీ ఒక్కగానొక్క కూతురి పేర రాసి పోయాడు. ఆమె ఊ అంటేనే పుస్తకం అచ్చుకు వెళ్తుంది.

నాన్న పోయిన కొన్నాళ్ళకు మొదలయ్యాయి ఆ పిట్టకథలు. కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే అమ్మాయెవరో రాసి ఇంటర్నెట్‌లో పెట్టింది. అదే నౌక, అవే నక్షత్రాలు, అదే సిబ్బంది. కెప్టెన్ ఒక్కడే వేరు. నాన్న రాసిన కెప్టెన్ కళ్ళ ముందు గ్రహం పేలిపోతున్నా పెదవి విప్పడు. పదకొండు నవలల్లో ఒక్కసారి కూడా నవ్వడు. ఈ పిల్ల రాసిన కెప్టెన్ మెకానిక్‌తో పేకాడుతూ ముక్కలు దాస్తాడు. దొరికిపోతే పొట్ట పట్టుకుని నవ్వుతాడు. నౌక వంటగదిలో గరిటెను మైకులా పట్టుకుని, శ్రుతీ లయా లేకుండా పాడతాడు.

పాఠకులు ఆ కథల్ని నెత్తిన పెట్టుకున్నారు. అసలైన కెప్టెన్ ఈయనే, నవలల్లో ఉన్నది ఈయన నీడ అని ఎవడో రాశాడు. అది చదివిన రోజు ఆమెకు తిండి సహించలేదు.

ఇంట్లోనూ అదే గోల. బాత్‌రూంలోంచి భర్త నవ్వు వినిపిస్తే తలుపు తట్టింది. చేతిలో ఫోనుతో బయటికొచ్చాడు. పిట్టకథే.

“సరదాగా ఉంది. చదివితే తప్పేంటోయ్?”

“ఆయన సరదా మనిషి కాదు. అదే తప్పు.”

“ఎవరు, కెప్టెనా? మా మామగారా?”

ఆమె విసురుగా వెళ్ళి, అమ్మ మంచం పక్కన కూర్చుంది. అమ్మకు చూపు ఆనడం లేదు. ఒక కథ తనే చదివి వినిపించింది. గరిటె పాట దాకా వచ్చేసరికి అమ్మ చాలు, ఆపెయ్యమంది. ఇంకెప్పుడూ ఇంట్లో వీటిని చదవొద్దంది. పోనీలే, అమ్మ అయినా తన పక్షాన ఉందని ఆమెకు కాస్త బలం వచ్చింది.

నాన్న ఇంట్లో ఉన్నన్నాళ్ళూ గది తలుపు మూసే ఉండేది. వారంలో రెండు రోజులు ప్రూఫులంటూ ప్రెస్సులోనే ఉండిపోయేవాడు. పలకరిస్తే ఊ అనేవాడు, అంతే. అందుకే కొత్త నవల రాగానే ఆమె కెప్టెన్ మాటల్ని బట్టీ పట్టేది. నాన్న తనతో అనని మాటలేవో అందులో ఉంటాయని వెతికేది. వెతికి వెతికి చివరికి ఒకటి తేల్చుకుంది. కెప్టెన్ నవ్వడు. నాన్నా నవ్వడు. కొందరి తయారీయే అంత. అందులో పక్కనున్నవాళ్ళ తప్పేమీ ఉండదు. ఆ మాట తనకు తాను చెప్పుకుని నమ్మడానికి ఆమెకు సగం జీవితం పట్టింది. ఇప్పుడెవరో వచ్చి ఆ కెప్టెన్ చేతికి గరిటె ఇస్తే ఎలా ఊరుకుంటుంది?

“ప్రెస్సులో మీ దగ్గరే కదా ఉండేవారు,” అంది పబ్లిషరుతో. “ఆయన నవ్వగా మీరెప్పుడైనా చూశారా?”

టీ చల్లారిపోతోందన్నాడు పబ్లిషరు. తరవాత, ఆ అమ్మాయి బయటే ఉంది, ఒకసారి మాట్లాడి చూడమన్నాడు.

లోపలికొచ్చిన అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. అరగదీసిన అద్దాల పొడి ఇంకా గోళ్ళలోనే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. డబ్బేమీ అక్కర్లేదని, తన పేరు వెయ్యకపోయినా ఫర్వాలేదని, కథలు మాత్రం ఆ పుస్తకంలో ఉంటే చాలని మెల్లగా చెప్పింది. ఆ వినయం చూసి ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది.

“చూడమ్మా, మా నాన్న రాసిందే కథ. మిగతావి ఎవరి ముచ్చట కొద్దీ వాళ్ళు రాసుకున్నవి. ఇవాళ నువ్వు పాటలు పాడించావు. రేపు ఇంకొకడొచ్చి కెప్టెన్‌కి తోక తగిలిస్తాడు. అదీ లెక్కేనా?”

“తోక లేదు మేడం ఆయనకి,” అంది ఆ అమ్మాయి.

పబ్లిషరు దగ్గుతున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె ఓపిక అక్కడితో అయిపోయింది. పదకొండు పుస్తకాల దొంతరను ఆ అమ్మాయి ముందుకు తోసింది.

“కెప్టెన్ నవ్వినట్టు ఇందులో ఎక్కడుందో చూపించు. ఒక్క వాక్యం చాలు. ఇప్పుడే, ఇక్కడే సంతకం పెట్టేస్తాను.”

ఆ అమ్మాయి పుస్తకాల వైపు చూడనైనా చూడలేదు.

“ఎక్కడా లేదు మేడం.”

ఎన్నాళ్ళకో ఆమెకు ఊపిరి తేలిగ్గా ఆడింది. గెలిచింది. తన నాన్న తనకు దక్కాడు. కుర్చీలో వెనక్కి వాలి, “మరింకేం? ఉత్త కల్పన అని నీ నోటితోనే చెప్పెయ్, ఈయనా వింటారు,” అంది.

ఆ అమ్మాయి మొదటిసారి తలెత్తి, ఆమె ముఖంలోకి చూసింది.

“కల్పించడం నాకు చేతకాదక్కా, నాన్న మీ ఇంట్లో లేని రోజుల్లో మా ఇంట్లో ఎలా ఉండేవారో, అదే రాశాను.”