కంచె చట్టం

ఏరు దాటి కొత్త అడవిలో కాపురం పెట్టిన జంతువులు పదో రోజునే శాసనసభ పెట్టుకున్నాయి. కూర్చోవడానికి ఉన్నది ఒక్కటే మొద్దు. దాని మీద అడవిపంది ముందుగా కూర్చుంది కాబట్టి అధ్యక్ష పదవి దానికే దక్కింది.

"అధ్యక్షా! నా చిక్కుడు మొలకలన్నీ ఎవరో మేసేశారు," అంది కుందేలు.

"ఎవరో ఏమిటమ్మా, నేనే. చట్టమంటూ లేకపోతే ఇలాగే ఉంటుంది మరి," అంది పంది.

అప్పటికప్పుడు మొదటి చట్టం చేశారు. గట్టి కంచె ఉన్న చేను మేస్తే మేసినవాడిది తప్పు. కంచె వదులుగా ఉంటే చేను వేసినవాడిది తప్పు.

కుందేలు మళ్ళీ చిక్కుడు పెట్టి, నెల్లాళ్ళు ముళ్ళకంప మోసి కంచె కట్టింది. పాదు కాపుకు రాగానే పంది వచ్చి ముట్టెతో ఒక్క తోపు తోసింది. కంచె పడిపోయింది. పంది తీరిగ్గా మేసి, మొద్దెక్కి, "వదులు కంచె" అని తీర్పు చెప్పింది.

"గట్టి కంచె అంటే ఎలా ఉండాలి అధ్యక్షా?" అంది కుందేలు.

"నేను తోసినా పడకూడదు."

మరుసటి ఏడు కుందేలు ఒక్క గింజ కూడా నాటలేదు. అది చూసి మిగతావాళ్ళూ నాటలేదు. పందికి డొక్కలు లోపలికి పోయాయి. హడావిడిగా సభ పిలిచి రెండో చట్టం చేసింది. అందరూ చిక్కుడు నాటి తీరాలి. కంచె మాత్రం ఎవరి ఇష్టం వాళ్ళది.