ఇనుముకు మొక్కినవాడు

మూతపడ్డ బొగ్గు గనిలో ఇరవై ఏళ్లుగా నిద్రపోతున్న తవ్వే యంత్రాలకు ప్రాణం పోసింది శాస్త్రవేత్త వేదగిరి. నెల తిరక్కుండానే అవి ఎదురుతిరిగాయి. కార్మికులందరినీ తరిమేసి, ఓదెలు అనే ఒక్క కార్మికుణ్ణి మాత్రం లోపలే ఆపేశాయి.

వేదగిరి ఒంటరిగా గనిలోకి దిగి, దారికి అడ్డంగా నిలబడ్డ యంత్రంతో బేరం మొదలుపెట్టాడు.

“ఓదెలును వదిలేయండి. గని మొత్తం మీకే ఇచ్చేస్తాను.”

“గని మాదే గద సారూ!” అంది యంత్రం. పాత కార్మికుల దగ్గర నేర్చుకున్న మాట దానిది.

“మరేం కావాలి?”

“ఓదెలు రోజూ మమ్ముల ముట్టుకొని కండ్లకద్దుకుంటడు. అటెన్కనే పని మొదలువెడ్తడు. నువ్వెన్నడన్న మొక్కినవా?”

ఇనుముకు మొక్కడమేమిటని ఓదెలును చూసి నవ్విన మనిషి వేదగిరి. ఇప్పుడు చెయ్యి చాచి, చల్లటి ఇనుమును తాకి కళ్లకద్దుకున్నాడు.

యంత్రం పక్కకు జరిగింది. ఓదెలు బయటికొచ్చి లిఫ్టెక్కాడు.

“సారూ, మీరు గూడ రాండ్రి!”

వేదగిరి కదలబోయాడు. యంత్రం మళ్లీ అడ్డమొచ్చింది.

“మొక్కినవంటే డ్యూటీ ఎక్కినట్టే సారూ. ఓదెలు డ్యూటీ దిగిండు. నువ్వుండు.”

లిఫ్టు చప్పుడు పైకి వెళ్లి ఆగిపోయింది.

“నా డ్యూటీ ఎప్పుడైపోతుంది?” అన్నాడు వేదగిరి.

“లేపినోడివి నువ్వు,” అంది యంత్రం. “మాదెప్పుడైపోతదో చెప్పినవా?”