నలభైమూడు ప్రశ్నల యాప్

"ముందు ఫోన్ నంబరు ఒక్కటి చాలు ప్రిన్స్. మిగతావి తర్వాత మెల్లగా అడగొచ్చు," అంది క్యాథరిన్, వందోసారి.

"మన రైతులకు ఓపిక ఎక్కువ," అన్నాడు ప్రిన్స్. "ఈ పొద్దు ఒక్కరు పూర్తి చేసినా నలభైమూడు ప్రశ్నలూ ఉంటాయి. ఎవురూ చెయ్యకుంటే నీ మాటే."

పాడి ఆవుల ఆరోగ్యం చూసే యాప్ అది. డిజైన్ క్యాథరిన్‌ది, పెత్తనం ప్రిన్స్‌ది. ఆండర్సన్‌పేట నుంచి బంగారుపేటకు వచ్చి, రోజూ బెంగళూరు ఆఫీసుకు రైల్లో నిలబడి వెళ్లి, ఆరు నెలలుగా ఆమె ఇదే వాదిస్తోంది. వాడకముందే విసిగిస్తే ఎవరు వాడతారు?

కురుడుమలె పక్క ఊళ్లో, పాల డెయిరీ అరుగు మీద, యాప్ నింపి చూడ్డానికి ఆరుగురు రైతులు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు.

మునీంద్ర మూడో ప్రశ్న దగ్గరే లేచాడు. "ఓటీపీ రాలే. మిద్దెక్కితే వస్తాదంట. నేనెక్కను."

ఓబలప్ప తొమ్మిదోదాకా లాగాడు. "ఆవు చెవి బిళ్ల నంబరు, ఎన్నో ఈత, దూడ పుట్టిన తేదీ... నా పెండ్లికి గూడా ఇన్ని అడగలేదమ్మా! పాలు పిండాల, పోతాండా."

అతని వెనకే ఇంకో ముగ్గురు.

క్యాథరిన్ గుండె తేలికపడింది. మిగిలింది అక్కయమ్మ ఒక్కతే.

అక్కయమ్మ లేవలేదు. సంచిలోంచి ఇన్సూరెన్సు కార్డులు తీసి, చెవి బిళ్లల నంబర్లు ఒక్కో అంకే కొట్టింది. గౌరి, మూడో ఈత. సుక్కి, రెండో ఈత. రెండుసార్లు తెర ఆగిపోతే మళ్లీ మొదట్నుంచి కొట్టింది.

"సుక్కికి ఉలవలంటే పిచ్చి. అది రాసేదానికి చోటు యాడుండాది?"

ఇరవై. ముప్పై. ముప్పైతొమ్మిది.

"ఇంగ చాల్లేమ్మా, పొద్దుపోతాంది," అంది క్యాథరిన్ ఆశగా.

"ఉండు పాపా, ఇంగ నాలుగే కదా."

నలభైమూడు. తెర పచ్చగా వెలిగింది.

ప్రిన్స్ చప్పట్లు కొట్టాడు. "చూసినావా? ఒక్క ప్రశ్న గూడా తీసేది లేదు!" అంటూ అక్కడి నుంచే ఆఫీసుకు ఫోన్ చేశాడు.

క్యాథరిన్ అరుగు మీద కూలబడింది. ఆరు నెలల పోరు మట్టిలో కలిసిపోయింది.

"అందరూ పారిపోయినారు. నీకెట్ల వచ్చిందమ్మా ఇంత ఓపిక?"

అక్కయమ్మ కార్డులు జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంది.

"ఆవుల్ని అమ్మేసి ఏడాదాయ పాపా, అవి ఉండింటే పాలు పిండే ఈ పొద్దులో నీ ముందర కూర్చుంటానా?"