మూడు వందల పన్నెండు చుక్కలు

తమ చెప్పుల కంపెనీ తిరుపతి పాత బ్రాంచి ముందు కారు దిగగానే వేదవ్యాస్ కాలికి చెప్పుల కుప్ప తగిలింది.

"ఏమిటీ దరిద్రం?" అన్నాడు.

షాపు మెట్ల మీద గొడుగు కింద కూర్చుని చెప్పు కుడుతున్న ఓబయ్య తలెత్తాడు.

"కొండెక్కినోళ్లవి సార్. కుట్టమని ఇచ్చిపోయినారు. మొక్కు తీర్సుకుని రేపో ఎల్లుండో దిగొస్తారు."

ప్రతి జత అడుగునా సుద్దముక్కతో ఒక ఊరి పేరు రాసి ఉంది. రాయచూరు. ధర్మపురి. సోలాపూర్. ఏ జత ఎవరిదో తెలియడానికి ఓబయ్య పెట్టుకున్న గుర్తు అది.

వేదవ్యాస్ వాటిని చదవలేదు. ఆయన చదివేవన్నీ లాప్‌టాప్‌లో ఉంటాయి.

ఆయన బెంగళూరు హెడ్డాఫీసు నుంచి వచ్చాడు. దేశమంతటా ఉన్న కంపెనీ చెప్పుల షాపులు మూడు వందల పన్నెండింటినీ మ్యాపు మీద ఎర్ర చుక్కలుగా పెట్టి ఆర్నెల్లుగా తలబద్దలు కొట్టుకుంటున్నాడు. జనాభాతో పోల్చాడు. ఆదాయంతో పోల్చాడు. హైవేలతో పోల్చాడు. ఏ చుక్క అక్కడెందుకుందో అంతుపట్టలేదు. మహానగరాలు వదిలేసి, పేరు కూడా వినని ఊళ్లలో షాపులు. పైగా ఒక్కటీ నష్టంలో లేదు.

తనను అడక్కుండా అవి లాభంలో ఉండటం ఆయనకు అవమానంగా ఉంది.

ఆ చోట్లన్నీ ఎంచింది కంపెనీ పెట్టిన ఏకాంబరం. చిత్తూరు మనిషి, రెండేళ్ల కిందట పోయాడు. ఏడాదికి రెండుసార్లు తిరుపతి వచ్చేవాడు. దర్శనానికేనని ఇంట్లోవాళ్లు అనుకునేవాళ్లు. ఇప్పుడు కంపెనీని ఆయన కూతురు పద్మాక్షి నడుపుతోంది.

"నాయన నోటుబుక్కు తిరుపతి బ్రాంచి బీరువాలో ఉండాలి. ఏం చూసి ఊళ్లు ఎంచేవాడో కనుక్కోండి. కొత్త యాభై షాపులూ దాని ప్రకారమే పెడదాం. మీ వల్ల కాకపోతే చెప్పండి, ఈ పని ఇంకొకరికి ఇస్తాను" అని పంపింది.

తీరా వస్తే బీరువా తాళంచెవి లేదు. తాళాలు తీసేవాడు రెండు రోజులకు గానీ రానన్నాడు.

పని లేని పెద్ద ఉద్యోగి ఏం చేస్తాడు? శుభ్రం చేయిస్తాడు.

"చెప్పులమ్మే షాపు ముందు చెప్పులు కుట్టేవాడా? మన సరుకు తెగిపోతుందని మనమే చాటింపు వేసినట్టుంది" అన్నాడు మేనేజర్ ముకుందంతో.

ముకుందం నసిగాడు. "పెద్దాయన ఉన్నప్పట్నించీ ఈడే ఉండాడంట సార్. పెద్దాయన వస్తే ఆ మెట్టు మీదే కూర్చునేవారంట. నేనొచ్చి ఆర్నెల్లే..."

"అందుకే కంపెనీ ఇలా తగలడింది."

ఓబయ్య చేతిలో ఉన్న చెప్పును తిప్పి చూపించాడు. "ఇది మీ కంపెనీదే సార్. రాయచూరోళ్లది. మూడు తూర్లు కుట్టిచ్చినారు, సూడండి. అంటే ఆడ..."

"నీ దగ్గర పాఠాలు నేర్చుకోవడానికి రాలేదు. లెయ్."

"రెండు దినాలు ఆగండి సార్. ఇయి నావి గాదు. నమ్మి ఇడిసిపోయినారు. వట్టి కాళ్లతో దిగొచ్చి అడిగితే నేనేం సెప్పేది?"

"పాత చెప్పులకు మళ్లీ నమ్మకం కూడానా!"

తన మాటకు తనే నవ్వుకున్నాడు వేదవ్యాస్. దారిన పోతున్న చెత్త ఆటోను ఆపించి, జతలన్నీ అందులో వేయించాడు.

ఓబయ్య తిట్టలేదు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఆటో వెనక ఎక్కాడు. చెత్త మీదే కూర్చుని, ఒక్కో చెప్పునూ ఏరి ఒళ్లో పెట్టుకున్నాడు. సుద్ద చెరిగిపోకుండా అడుగులు పైకి తిప్పి పెట్టుకున్నాడు.

మెట్లు ఫినాయిలుతో కడిగించి, రిపోర్టులో పెట్టడానికి ఫోటో తీసుకున్నాడు వేదవ్యాస్.

మూడో రోజు తాళాలు తీసేవాడు బీరువాతో కుస్తీ పడుతుంటే ముకుందం బయటి నుంచి వచ్చాడు.

"సార్, ఓబయ్య రెండు దినాలూ అలిపిరి మెట్ల కాడే నిలబడినాడంట. దిగొచ్చేవాళ్లను ఊరి పేరు పెట్టి పిల్చి, ఎవరి జత వాళ్లకు ఇచ్చినాడంట. పొద్దున ఆఖరి జత ఇచ్చేసి, సొంతూరికి పోయినాడంట."

"మంచిది."

"ఆయనది ఏ ఊరో ఎవరికీ తెలీదు సార్. వచ్చినోళ్లందరి ఊరూ ఆయన అడిగేవాడు గానీ, ఆయన్ను ఎవరూ అడగలేదు."

"పీడ విరగడైంది. వదిలేయండి."

బీరువా తెరుచుకుంది. లోపల అట్ట చిరిగిన నోటుబుక్కు ఒక్కటే ఉంది. వేదవ్యాస్ వెంటనే పద్మాక్షికి ఫోన్ కలిపాడు.

"దొరికింది మేడమ్!"

"చదవండి."

పేజీలన్నీ ఊళ్ల పేర్లే. ఒక్కో ఊరి పక్కన ఏకాంబరం చేతిరాతలో రెండు ముక్కలున్నాయి.

"బరంపురం. మన చెప్పులే ఇరవై జతలు, అన్నీ మూడేసి తూర్లు కుట్టినవి. వాళ్లకు మన చెప్పే కావాలి, కొనుక్కుందామంటే ఆ ఊళ్లో షాపు లేదు. పెట్టాలి" అని చదివాడు వేదవ్యాస్.

"ఇవన్నీ నాయనకు ఎవరు చెప్పినారు?" అంది పద్మాక్షి.

వేదవ్యాస్ చివరి పేజీ తిప్పాడు. అక్కడున్నది చూసి, పుస్తకం ముకుందం వైపు తోశాడు. ముకుందం ఆ పుస్తకం అందుకుని చదివాడు.

"నా తర్వాత వచ్చేవాళ్లకు: కొత్త షాపు ఎక్కడ పెట్టాలో నాకు ఏనాడూ తెలియదు, బయట మెట్ల మీద ఓబయ్య ఉంటాడు, ఆయన్ను అడగండి."